నల్లరేగడిలో ఇంకిన వృద్ధి

దేశ ఆర్థిక వృద్ధిని లెక్కగట్టే పుస్తకంలో పురుగుమందు డబ్బా రెండు రూపాల్లో కనిపిస్తుంది. సేద్యం ఖాతాలో అది ఖర్చు. పంట విలువలోంచి దాన్ని తీసివేసిన తరువాతనే వ్యవసాయం జోడించిన విలువ ఎంతో తేలుతుంది. అదే డబ్బా, దాన్ని తయారుచేసిన కర్మాగారానికి, మోసుకొచ్చిన లారీకి, అరువు మీద అమ్మిన కొట్టుకు, పిచికారీ చేస్తూ కళ్లు తిరిగి పడిపోయిన కూలీని చేర్చుకున్న ఆసుపత్రికి ఆదాయమై, ఆ రంగాల ఖాతాల్లో వృద్ధిగా నమోదవుతుంది. మందు పడిన మట్టికి, అది కొట్టుకుపోయి చేరిన వాగుకు, ఇంకి దిగిన బావికి జరిగిన నష్టం రాయడానికి మాత్రం ఆ పుస్తకంలో పేజీ లేదు. ఈ లోపాన్ని గుర్తించి 2011లో కేంద్ర గణాంక మంత్రిత్వశాఖ ఆర్థికవేత్త పార్థ దాస్‌గుప్తా అధ్యక్షతన ఒక నిపుణుల సంఘాన్ని నియమించగా, నేల, నీరు, అడవి వంటి ప్రకృతి సంపదలో వచ్చే తరుగును కూడా లెక్కలోకి తీసుకొనే జాతీయ ఖాతాలు అవసరమని ఆ సంఘం 2013లో నివేదిక ఇచ్చింది. అది జరిగి పన్నెండేళ్లు దాటినా, వార్తాపత్రికల మొదటి పేజీకి ఎక్కే వృద్ధి రేటు ఇప్పటికీ పాత పద్ధతిలో తేల్చిన అంకెయే.

జాతీయ ఖాతాల్లో లేని ఆ పేజీలో ఏమేమి రాయవలసి ఉంటుందో తెలుసుకోవడానికి పల్నాడు జిల్లా నైరుతి కొసన ఉన్న నూజెండ్ల మండలం తగిన చోటు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన ఈ జిల్లాలో, వినుకొండ నియోజకవర్గంలో, ప్రకాశం జిల్లా సరిహద్దును ఆనుకొని ఈ మండలం ఉంది. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కంభం చెరువును నింపి, మార్కాపురం ప్రాంతం దాటి, ఈ వినుకొండ సీమ మీదుగా అద్దంకి వైపు సాగి, మద్దిపాడు మండలంలోని మల్లవరం దగ్గర జలాశయంగా నిలిచి, ఒంగోలుకు దగ్గరలో సముద్రంలో కలుస్తుంది. ఇక్కడి నేలలో పెద్ద భాగం నల్లరేగడి. పంటల్లో ముందు వరుస పత్తి, మిరప, వాటి వెనుక కంది, బర్లీ పొగాకు. మిరపకు, పత్తికి రసాయనాలు వాడినంతగా మరే పంటకూ వాడరన్నది వ్యవసాయం తెలిసిన వారెవరూ కాదనని మాట.

పల్నాటి నేల మొదటి నుంచీ ఇలా లేదు. ఈ సీమలో జొన్నకూడు తప్ప సన్నబియ్యం పుట్టదని శ్రీనాథుడు వాపోయినట్లు చెప్పే చాటువులు తెలుగువారికి కొత్తవి కావు. కవికి అవి ఫిర్యాదులే అయినా, చిరుధాన్యాల మీద ఆధారపడిన మెట్ట సేద్యానికి అవి ఒక సాక్ష్యం కూడా. జొన్న, సజ్జ, కంది కలిపి వేసుకొనే ఆ సేద్యంలో పంట ఇంటికి వచ్చేది, చొప్ప పశువుకు పోయేది, పెంట తిరిగి పొలానికి చేరేది. 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలాక, కుడి కాలువ పొడవునా సేద్యం తీరు మారింది. నీరు అందిన చోట వరి, అందీ అందని చోట పత్తి, మిరప వచ్చాయి. వాణిజ్య పంట పొలానికీ బజారుకూ మధ్య ఒకసారి దారి తెరిస్తే ఆ దారిలో పంట బయటికి పోవడమే కాకుండా, విత్తనం, ఎరువు, మందు, అప్పు లోపలికి వస్తాయి. పల్నాడుకు నిజమైన ఆదాయం వచ్చింది కూడా ఆ దారినే. పక్కా ఇళ్లు, పిల్లల ఇంజనీరింగ్ చదువులు, గుంటూరు మిర్చి యార్డు వ్యాపారం ఆ ఆదాయం నుంచి పుట్టినవే. అందువల్ల రసాయన సేద్యాన్ని ఒక పొరపాటుగా కొట్టిపారేసే వాదన ఈ నేల మీద నిలవదు. దానికి చెల్లించిన ధర ఎంత, ఆ ధర ఎవరి మీద పడింది అన్న ప్రశ్న మాత్రం నిలుస్తుంది.

మొదట ఎరువు సంగతి. గాలిలో ఐదింట నాలుగు వంతులు నత్రజని వాయువే అయినా మొక్క దాన్ని నేరుగా పీల్చుకోలేదు. దాన్ని హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియాగా మార్చే ప్రక్రియను జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ ప్రయోగశాలలో సాధించగా, కార్ల్ బాష్ దాన్ని పరిశ్రమ స్థాయికి తెచ్చాడు; 1913లో ఓపౌ పట్టణంలో తొలి కర్మాగారం పనిచేయడం మొదలుపెట్టింది. ఆ అమ్మోనియా నుంచి తయారయ్యే యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. నేలలో పడిన యూరియాను సూక్ష్మజీవులు మొదట అమ్మోనియంగా, తరువాత నైట్రేట్‌గా మారుస్తాయి. మొక్క నత్రజనిని ఎక్కువగా తీసుకొనేది నైట్రేట్ రూపంలోనే. చిక్కు కూడా అక్కడే ఉంది. బంకమట్టి రేణువుల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది కనుక ధనావేశం గల అమ్మోనియంను అవి పట్టుకొని ఉంచుతాయి. రుణావేశం గల నైట్రేట్‌ను పట్టుకోలేవు. నీరు ఎటు పోతే నైట్రేట్ అటు పోతుంది. వేసిన నత్రజనిలో సగానికన్నా తక్కువే పంటకు అందుతుందని, మిగిలినది నీటిలోకి గాని గాలిలోకి గాని జారిపోతుందని ప్రపంచ వ్యాప్తంగా జరిగిన కొలతలు చెబుతున్నాయి. గాలిలోకి పోయే దానిలో కొంత నైట్రస్ ఆక్సైడ్. వందేళ్ల కాలం మీద లెక్కిస్తే, బరువుకు బరువుగా అది బొగ్గుపులుసు వాయువు కన్నా సుమారు 273 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

నల్లరేగడికి ఈ విషయంలో తనదైన గుణం ఒకటి ఉంది. తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు ముడుచుకొనే బంకమట్టి కనుక వేసవిలో ఈ నేల చేయి పట్టేంత వెడల్పుగా నెర్రెలు విచ్చుతుంది. ఉబ్బిన నల్లరేగడిలో నీరు నెమ్మదిగా ఇంకుతుంది కాబట్టి దాని కింది జలాలు భద్రంగా ఉంటాయని పైకి అనిపిస్తుంది. కానీ తొలకరికి నెర్రెలు ఇంకా మూసుకోకముందే పెద్ద వాన పడితే, పైపొరలోని నైట్రేట్‌ను, మందు అవశేషాలను మోసుకొని నీరు ఆ చీలికల గుండా, మట్టిలో వడకట్టుకోకుండానే లోతుకు దిగిపోతుంది. నెర్రెలు మూసుకున్నాక కురిసిన వాన ఇంకే దారి లేక పొలం పైనుంచి పారి, వాగుల ద్వారా గుండ్లకమ్మను చేరుతుంది.

తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేట్ ఉండరాదని భారత ప్రమాణాల సంస్థ హద్దు పెట్టింది. ఆ హద్దు దాటిన నీరు పసికందుల రక్తంలో హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గించి, ఒళ్లు నీలిరంగుకు తిరిగే వ్యాధిని తేగలదు. ఒక చిన్న గుణకారం చేస్తే ఈ హద్దు ఎంత సున్నితమైనదో తెలుస్తుంది. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 20.7 కిలోల నత్రజని ఉంటుంది. అదంతా నైట్రేట్‌గా మారితే సుమారు 92 కిలోలవుతుంది. నైట్రేట్ ఏమాత్రం లేని 20 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దు దాకా తీసుకుపోవడానికి అది చాలు. అందులో నాలుగో వంతే భూగర్భానికి దిగిందనుకున్నా ఐదు లక్షల లీటర్లు. కేంద్ర భూగర్భజల మండలి 2024 వార్షిక నాణ్యతా నివేదిక ప్రకారం దేశంలో పరీక్షించిన నమూనాల్లో 19.8 శాతం ఈ హద్దును దాటాయి. హద్దు దాటిన నమూనాలు కనిపించిన జిల్లాల సంఖ్య 2017లో 359 ఉండగా 2023 నాటికి 440కి పెరిగింది. నైట్రేట్ సమస్య తీవ్రంగా ఉన్నట్లు ఆ నివేదిక విడిగా పేర్కొన్న 15 జిల్లాల్లో ఆంధ్రప్రదేశ్‌కు చెందినది ఒక్కటే, అది పల్నాడు. పశువుల కొట్టాల నుంచి, మరుగుదొడ్ల గుంతల నుంచి కూడా నైట్రేట్ నీటిలో చేరుతుంది కనుక తప్పంతా ఎరువు మీద వేయడం న్యాయం కాదు. అయినా ఆ పదిహేను పేర్లలో యవత్మాళ్, అమరావతి, ఆదిలాబాద్, భటిండా వంటి పత్తి జిల్లాల పక్కన పల్నాడు నిలిచి ఉండటం చూస్తే, దీన్ని కాకతాళీయమని సరిపెట్టుకోవడం కష్టం.

రైతు అవసరానికి మించి యూరియా చల్లడానికి అవగాహన లేకపోవడమే కారణమని అధికారుల ఉపన్యాసాలు తరచుగా చెబుతాయి. ధరల పట్టిక వేరే సంగతి చెబుతుంది. 2010 ఏప్రిల్‌లో పోషకాల ఆధారిత సబ్సిడీ విధానం వచ్చినప్పుడు భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలను బజారుకు వదిలి, యూరియా ధరను మాత్రం ప్రభుత్వం తన చేతిలోనే ఉంచుకొంది. వేపపూత ఖర్చుతో కలిపి 45 కిలోల బస్తా నేటికీ రూ. 266.50. దేశం మొత్తానికి నత్రజని, భాస్వరం, పొటాష్‌లు 4:2:1 నిష్పత్తిలో ఉండటం మేలని చెప్పుకుంటూ ఉండగానే, 2012-13 నాటికి ఆ నిష్పత్తి ఇంచుమించు 8:3:1 అయింది. చవకైనదాన్ని ఎక్కువగా వాడటం ఏ వినియోగదారుడైనా చేసే పనే. ఎక్కువ నత్రజని తిన్న మొక్క లేత పచ్చగా, మెత్తగా, ఏపుగా పెరిగి రసం పీల్చే పురుగును పిలుస్తుంది. యూరియాకు ఇచ్చిన రాయితీ ఆ విధంగా కొంత దూరం తిరిగి పురుగుమందు గిరాకీగా తేలుతుంది.

పురుగుమందు కథలో ఈ ప్రాంతానికి దేశ చరిత్రలోనే ఒక స్థానం ఉంది, అది గర్వించదగినది కాకపోయినా. 1980ల ఆరంభంలో సింథటిక్ పైరెథ్రాయిడ్లు భారత బజారులోకి వచ్చాయి. చామంతి జాతి పూలలో సహజంగా ఉండే పైరెథ్రిన్ అనే విషానికి ప్రయోగశాలలో చేసిన దృఢమైన నకళ్లు ఇవి. పురుగు నరాల్లో సోడియం రాకపోకలను నియంత్రించే ద్వారాలను మూసుకోనివ్వకుండా పట్టి ఉంచి, దాన్ని వణికించి చంపుతాయి. ఎకరాకు కొద్ది గ్రాములతో కాయతొలిచే పురుగు రాలిపోవడం చూసిన గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులకు అది మహిమలా తోచింది. రెండు మూడు ఏళ్లు గడిచేసరికి, అంతవరకు పెద్దగా లెక్కచేయని తెల్లదోమ ఆకుల అడుగున పిండి చల్లినట్లు కమ్ముకొంది. అది విసర్జించే తీపి జిగురు మీద నల్లటి బూజు పెరిగి ఆకులు మాడిపోయాయి, దూది జిగటబారింది. తెల్లదోమను అదుపులో ఉంచుతూ వచ్చిన అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్లు, అతి చిన్న పరాన్నజీవి కందిరీగలు పైరెథ్రాయిడ్ల దెబ్బకు ముందుగా పోవడం దీనికి ప్రధాన కారణం. ఒక పురుగును చంపబోయి దాని శత్రువులతోపాటు వేరొక పురుగు శత్రువులను కూడా చంపడం వల్ల ఆ రెండో పురుగు విజృంభించడాన్ని కీటక శాస్త్రంలో ద్వితీయ ఉధృతి అంటారు.

ఆ వెనుకనే 1987-88లో కాయతొలిచే పురుగుల్లో ముఖ్యమైన శనగపచ్చ పురుగు అదే పైరెథ్రాయిడ్లను తట్టుకొని నిలిచింది. మందును తట్టుకొనే శక్తి పురుగుకు మందు వల్ల పుట్టదు. లక్షల పురుగుల్లో ఏ కొద్దింటికో జన్యువుల్లోనే ఆ గుణం ముందుగా ఉంటుంది. మందు మిగతావాటిని తుడిచిపెట్టి ఈ కొద్దింటికి పొలాన్నంతా అప్పగిస్తుంది. నెలకు ఒక తరం చొప్పున అవి పెరిగితే ఒకటి రెండు పంటకాలాల్లో పొలంలో మిగిలేవి మొండి పురుగులే. మందు పనిచేయకపోతే రైతు మోతాదు పెంచుతాడు, రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలుపుతాడు, వారానికి రెండుసార్లు కొడతాడు. ప్రతి పిచికారీ మొండి పురుగుల ఎంపికను మరింత వేగవంతం చేస్తుంది. ఆ సంవత్సరాల్లో పత్తి మీద ఇరవై, ముప్పై సార్లు మందు కొట్టి కూడా పంట దక్కక, ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు ఆత్మహత్యలకు పాల్పడ్డారు. పంటను కాపాడలేకపోయిన మందు ప్రాణం తీయడానికి పనికివచ్చింది. ఇక్కడి రైతుల్లో పలువురు పత్తిని, దానితోపాటు మందు అలవాటును వెంటబెట్టుకొని తెలంగాణ, కర్ణాటక భూములకు తరలిపోయారు. పదేళ్ల తరువాత 1997-98లో అదే విషాదం వరంగల్ జిల్లాలో మళ్లీ కనిపించింది.

ఈ వలయం అప్పటితో తెగలేదు. 2002 మార్చిలో అనుమతి పొందిన బీటీ పత్తి శనగపచ్చ పురుగును కొన్నేళ్లు అదుపులో ఉంచి పిచికారీలు తగ్గించింది. ఆ తరువాత రసం పీల్చే పురుగులు పెరిగాయి, 2010 నాటికి గుజరాత్‌లో మొదలై గులాబీరంగు పురుగు బీటీ పత్తి మొక్కలోని విషాన్ని కూడా అరిగించుకొంది. మిరపలో తామర పురుగు వల్ల ఆకులు పైకి ముడుచుకొనే పైముడత, నల్లి వల్ల కిందికి ముడుచుకొనే కిందిముడత పల్నాటి రైతుకు పాత పరిచయస్తులే. 2021-22లో వచ్చినది మాత్రం కొత్త రకం. త్రిప్స్ పార్విస్పైనస్ అనే నల్ల తామర పురుగు ఆగ్నేయాసియా నుంచి వచ్చి, 2015లో దేశంలో మొదట బొప్పాయి మీద నమోదై, ఆరేళ్లకు గుంటూరు, ఖమ్మం మిరప తోటలను ముంచెత్తింది. ఇది పువ్వు లోపల దాగి గీకి తింటుంది, ప్యూపా దశను నేలలో గడుపుతుంది. పైన కొట్టే మందు ఈ రెండు చోట్లకూ సరిగా చేరదు. తోటలు పీకివేసిన రైతులు ఉన్నారు. శాస్త్రవేత్తలు ఇచ్చిన సలహాల్లో నీలిరంగు జిగురు అట్టలు, నత్రజని తగ్గింపు, ఒకే మందు పదేపదే కొట్టకపోవడం ముఖ్యమైనవి. ఆ పంటకాలంలో కొట్ల దగ్గర కిటకిట చూస్తే ఆ సలహాలు ఎంతవరకు చేరాయో ఊహించవచ్చు. అమెరికా కీటక శాస్త్రవేత్త డేవిడ్ పిమెంటెల్ 1995లో వేసిన అంచనా ప్రకారం, చల్లిన మందులో చంపదలచిన పురుగును నిజంగా తాకేది 0.1 శాతం కన్నా తక్కువ. మిగిలినదంతా ఆకు మీద, మట్టిలో, గాలిలో, మనిషి ఒంటి మీద పడుతుంది.

మనిషి ఒంటి మీద పడినదాని గురించి కొంత వివరంగా చెప్పాలి. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, ట్రయజోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్లు నరానికీ కండరానికీ మధ్య సందేశం మోసే అసిటైల్‌కోలిన్ అనే పదార్థాన్ని పని పూర్తయ్యాక విడగొట్టే ఎంజైమును స్తంభింపజేస్తాయి. సందేశం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. చొంగ కారడం, కంటిపాప సూదిమొనంత కావడం, కండరాలు అదరడం, చివరికి ఊపిరి ఆగిపోవడం జరుగుతాయి. ఆ ఎంజైము పురుగులోనూ మనిషిలోనూ ఇంచుమించు ఒకటే. మొహానికి తువ్వాలు చుట్టుకొని, వీపున తైవాన్ స్ప్రేయరు మోస్తూ, నిలువెత్తు మిరప సాళ్లలో నడిచే కూలీకి తడిసిన చొక్కా చర్మానికి అంటుకొని ఉండే ఆ నాలుగైదు గంటలే అసలు ప్రమాదం. కాయ కోతకు ఏటా కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి పిల్లాపాపలతో వలస వచ్చి చేల గట్లమీద గుడిసెలు వేసుకొనే కుటుంబాలకు మందు చల్లిన రోజు ఏదో తెలియను కూడా తెలియదు. 2013 జులైలో బీహార్‌లోని ఒక బడిలో మధ్యాహ్న భోజనంలో మోనోక్రోటోఫాస్ కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు; కూరగాయల మీద ఆ మందును 2005లోనే నిషేధించినా, దాని 36 శాతం ద్రవరూపం అమ్మకాలకు స్వస్తి చెప్పే ఉత్తర్వు 2023లో గాని రాలేదు. నిషేధపు కాగితానికీ నిషేధానికీ మధ్య పద్దెనిమిదేళ్లు పట్టే దేశంలో, కొట్టువాడు ఇచ్చిందే ప్రిస్క్రిప్షన్ అయిన ఊళ్లో, జాగ్రత్తలు రాసిన చీటీ డబ్బా అడుగున చిన్న అక్షరాల్లో ఉండి ఏం ప్రయోజనం?

ఇటువంటి వివరాలకు పరిశ్రమ వర్గాలు తరచుగా ఇచ్చే సమాధానం ఒకటుంది: హెక్టారుకు సగటున భారతదేశం వాడే పురుగుమందు కిలోకు లోపే, చైనా, జపాన్‌లు అంతకు ఎన్నో రెట్లు వాడుతున్నాయి. అంకె తప్పు కాదు, దాన్ని ఇక్కడ వాడటమే తప్పు. దేశంలో జొన్న, సజ్జ, శనగ పండే విస్తారమైన భూముల మీద మందు దాదాపు పడదు. సాగుభూమిలో దాదాపు ఇరవయ్యో వంతే ఉన్న పత్తి ఒకప్పుడు దేశంలోని పురుగుమందుల్లో ఇంచుమించు సగం తాగేది. సగటు అనేది ఎడారిని, చెరువును కలిపి మోకాలి లోతు నీరుందని చెప్పే లెక్క. పైగా కిలోలు విషతీవ్రతను కొలవవు. పైరెథ్రాయిడ్లు, నియోనికోటినాయిడ్లు ఎకరాకు గ్రాముల్లో సరిపోతాయి కనుక, వాటి వాడకం పెరిగితే కిలోల లెక్క తగ్గి తేనెటీగల చావు పెరగవచ్చు. వినుకొండలో పుట్టిన జాషువా 1941లో ఒక గబ్బిలాన్ని కాశీకి దూతగా పంపి కావ్యం రాశాడు; చీకటిపడ్డాక చేల మీద ఎగిరి రెక్కల పురుగులను బుక్కే గబ్బిలాలు, వాటితోపాటు పిచ్చుకలు, పాలపిట్టలు రైతుకు చేసిపెట్టే ఉచిత సేవ కూడా ఏ సగటులోనూ కనిపించనిదే.

దేశం ఇంకొంచెం సంపన్నమైతే ఇదంతా దానంతట అదే సర్దుకుంటుందన్న నమ్మకానికి ఆర్థికశాస్త్రంలో ఒక పేరుంది. జీన్ గ్రాస్‌మన్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1990లలో పలు దేశాల గాలి, నదీజలాల కొలతలను తలసరి ఆదాయంతో సరిపోల్చి, ఆదాయం పెరిగే కొద్దీ కాలుష్యం మొదట పెరిగి, ఒక స్థాయి తరువాత తగ్గుతుందని చూపారు. చాలా కాలుష్యాలకు ఆ మలుపు 1985 నాటి డాలర్లలో తలసరి 8,000 లోపే వస్తుందని వారి అంచనా. ఆదాయ అసమానతల గురించి సైమన్ కుజ్నెట్స్ 1955లో చెప్పిన గోపురపు ఆకారం దీనికీ సరిపోయింది కనుక దీన్ని పర్యావరణ కుజ్నెట్స్ వక్రరేఖ అంటారు. నగరాల పొగ, మురుగునీటి విషయంలో ఈ రేఖకు బలమైన ఆధారం ఉంది. సంపన్న దేశం పొగగొట్టానికి జల్లెడ అమర్చగలదు, మురుగుకాలువ చివర శుద్ధి కేంద్రం కట్టగలదు. పొలానికి పొగగొట్టం లేదు. లక్షల ఎకరాల నుంచి ఒక్కో వానకు కొంత చొప్పున కారే నైట్రేట్‌ను పట్టుకోవడానికి చివర అనేది ఎక్కడా లేదు. ప్రపంచంలో అత్యంత సంపన్న దేశాల్లో ఒకటైన నెదర్లాండ్స్, ఐరోపా సమాజం 1991లో నైట్రేట్ ఆదేశం తెచ్చిన తరువాత కూడా, పశుపోషణ, ఎరువుల నుంచి వచ్చే నత్రజనిని అదుపు చేయలేక, 2019 మేలో తన అత్యున్నత పాలనా న్యాయస్థానం తీర్పుతో నిర్మాణ అనుమతులు నిలిచిపోయే సంక్షోభంలో పడింది. మిసిసిపీ నది మోసుకొచ్చే ఎరువులతో మెక్సికో సింధుశాఖలో ప్రతి వేసవిలో ఆక్సిజన్ అడుగంటిన జలాలు ఏర్పడుతున్నాయి. మిగిలిన చోట్ల రేఖ కిందికి వంగడంలో కొంత భాగం, మురికిని మరొకరి వాకిట్లోకి నెట్టడం వల్ల జరిగినది: ఐరోపాలో 2007లో నిషేధానికి గురైన పారాక్వాట్ కలుపుమందు బ్రిటన్‌లో తయారై పేద దేశాలకు ఎగుమతి అవుతూ వచ్చింది. మన దేశంలో సేద్యపు రసాయనాల పేరుతో జరిగిన అతి పెద్ద దుర్ఘటన పొలంలో కాక కర్మాగారంలో జరిగిందని కూడా గుర్తుంచుకోవాలి. 1984 డిసెంబర్‌లో భోపాల్‌ను ముంచిన మిథైల్ ఐసోసయనేట్, కార్బరిల్ అనే పురుగుమందు తయారీకి నిలవచేసినది.

ఆ రేఖ కిందికి వంగడం మిరప ఎగుమతిలో చిన్న రూపంలో కనిపిస్తుంది. విదేశీ కొనుగోలుదారు కాయలో ఎన్ని మిల్లీగ్రాముల అవశేషం ఉందో పరీక్షించి, ఎక్కువుంటే సరుకు వెనక్కి పంపుతాడు. ఆ భయంతో కొన్ని మందులు నిజంగానే తగ్గాయి. యడ్లపాడు సమీపంలో సుగంధ ద్రవ్యాల పార్కు వచ్చింది, ప్రయోగశాలలు వచ్చాయి. కాయను కొనేవాడు కాయనే చూస్తాడు. అది పండిన చేని బావి నీటిని పరీక్షించడానికి ఏ లండన్ వ్యాపారికీ అవసరం లేదు.

విధానం మారితే వాడకం తగ్గుతుందనడానికి ఉదాహరణలు లేకపోలేదు. వరిలో సుడిదోమ ఉధృతికి మందులే కారణమని తేలాక ఇండోనేషియా 1986లో వరిపై 57 రకాల మందులను ఒక్క ఉత్తర్వుతో నిషేధించి, పురుగుమందుల సబ్సిడీని 1989 నాటికి పూర్తిగా ఎత్తివేసి, రైతులను పొలంలోనే బడిలా కూర్చోబెట్టి మిత్రపురుగులను గుర్తుపట్టడం నేర్పింది. మందుల వాడకం పడిపోయినా వరి దిగుబడి తగ్గలేదు. తెలుగునాట అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం 2003 ప్రాంతంలో, జనగామ వైపు ఏనబావి 2006లో పురుగుమందులను వదిలిపెట్టాయి. 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ మానవతా పురస్కారంలో భాగం దక్కింది. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను ఏడాది పొడవునా పచ్చగా కప్పి ఉంచడం, జీవామృతంతో సూక్ష్మజీవులను పెంచడం, నేలలో సేంద్రియ పదార్థాన్ని కూడబెట్టడం దాని మార్గం. సేంద్రియ పదార్థం పెరిగిన నేల నీటిని, నత్రజనిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుందన్నది పాత శాస్త్రమే.

ఆ మార్గం అడిగేది డబ్బుకన్నా వ్యవధిని. సేంద్రియ పదార్థం కూడటానికి, మిత్రపురుగుల సంఖ్య కోలుకోవడానికి మూడు నాలుగు పంటకాలాలు పడుతుంది, ఆ మధ్యలో దిగుబడి తడబడవచ్చు. మిరప పెట్టుబడి ఎకరాకు లక్ష రూపాయలు సునాయాసంగా దాటే చోట, 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి క్వింటాలుకు రూ. 11,781 చొప్పున కేంద్రం బజారులో జోక్యం చేసుకోవలసి వచ్చిన పంటకు, ఒక్క తడబాటు ఖరీదు కూడా కొట్టువాడి పద్దులోనే రాసి ఉంటుంది. పల్నాటిలో మిరప, పత్తి వేసేవారిలో కౌలు రైతులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. కౌలు ముందే చెల్లించి, మందులు అరువు తెచ్చి, ఆ ఒక్క పంటలోనే అన్నీ రాబట్టుకోవలసిన మనిషికి పురుగు కనిపించినప్పుడు ఆగి చూడమనే సలహా, పందెం కాయమనడం లాంటిది. వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు ఆ మట్టికి మూడేళ్ల పెట్టుబడి ఎందుకు పెట్టాలి? కౌలుదారుకు గుర్తింపు ఇవ్వడానికి రాష్ట్రం 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం చేసింది. ఆ చట్టం కింద యజమాని సంతకం చేస్తేనే దక్కే గుర్తింపు కార్డు చెల్లుబాటయ్యే గడువు పదకొండు నెలలు.